పార్సిలమ్మ, సంచమ్మ, మోకాలి లోతు నీళ్ళు

పోయిన వారం మనం పార్సిలమ్మగారి మసాజ్ కుర్చీని లిఫ్టులో, ఆ కుర్చీలో రెండో అంతస్తు లెక్కల మాస్టారిని వదిలేసి వచ్చాం. పాపం, ఆయన కూరగాయలు పట్టుకుని లిఫ్టెక్కితే నిలబడే చోటు లేక కుర్చీలో కూలబడ్డారు. లిఫ్టు అంతస్తుకీ అంతస్తుకీ మధ్య ఆగింది. మెకానిక్ వచ్చి తలుపు తెరిచేసరికి మాస్టారు హాయిగా గురక పెడుతున్నారు. "ప్లగ్గు పెట్టకుండానే ఇంత సుఖంగా ఉంది, పెడితే ఎలా ఉంటుందో ఆలోచించండి!" అని పార్సిలమ్మగారు ఆ గురకని కుర్చీకి దొరికిన మెచ్చుకోలుగా జమ వేసుకున్నారు.

మొత్తానికి కుర్చీ ఇల్లు చేరింది. దాన్ని హాల్లో పెట్టాక వీధి తలుపు సగమే తెరుచుకుంటోంది. ఆఫీసు నుంచి వచ్చిన కోడలు ఆ సందులోంచి పక్కకి తిరిగి లోపలికి దూరి, కుర్చీని చూసి, ఒక్క మాటా అనకుండా తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ చప్పుడుకే అన్నట్టు బయట వాన మొదలైంది.

కథలోకి ఇవాళే అడుగుపెట్టినవాళ్ళకి రెండు ముక్కలు. ఆ ఫ్లాటులో ఉండేది నలుగురు. కళ్ళజోళ్ళ షాపులో జనం కళ్ళు పరీక్షించే కొడుకు, బస్సుల కంపెనీలో ఏ బస్సు ఎప్పుడు కదలాలో రాసే కోడలు, కొడుకు తల్లి, కోడలి తల్లి. కొడుకు తల్లికి రోజూ ఏదో ఒక పార్సిలు వస్తుంది కాబట్టి బిల్డింగంతా ఆవిణ్ణి పార్సిలమ్మ అంటారు. కోడలి తల్లి ఆ ఇంటికి ఒక్క గుడ్డ సంచితో వచ్చారు. ఇప్పటికీ ఆ సంచిలో పట్టేవే ఆవిడ ఆస్తిపాస్తులు. అందుకని ఆవిడ సంచమ్మ. వియ్యపురాళ్ళిద్దరూ ఒకరినొకరు 'వదినగారూ' అని మహా మర్యాదగా పిలుచుకుంటారు. ఆ 'గారూ' ఎంత సాగితే లోపల అంత మంట ఉందన్నమాట.

ఇక కథలోకి వద్దాం.

తెల్లారేసరికి వాన చినుకుల్లోకి దిగింది. పార్సిలమ్మగారు కాఫీ కప్పు పట్టుకుని కొత్త కుర్చీలో వెనక్కి వాలబోతుండగా కింద సెల్లార్‌లోంచి ఒక కేక లేచింది. "నా కారు! అయ్యో, నా కారు!" అది బిల్డింగ్ సెక్రటరీగారి గొంతు. మామూలుగానే ఆయన రహస్యం చెబితే మూడో అంతస్తుకి వినపడుతుంది. ఈసారి పక్క వీధి వాళ్ళు కూడా కిటికీలు తెరిచారు.

బాల్కనీలోంచి తొంగి చూసిన పార్సిలమ్మగారికి కింద సెల్లార్‌లోకి దిగే వాలు దారిలో నీళ్ళు తళతళలాడుతూ కనిపించాయి. ఆ క్షణాన ఆవిడకి కలిగింది బాధ కాదు, నిజం చెప్పాలంటే సంబరం. గబగబా గదిలోకి వెళ్ళి మంచం కిందనుంచి ఒక పెట్టె లాగారు. అందులో మోకాళ్ళ దాకా వచ్చే పసుపుపచ్చ రబ్బరు బూట్లున్నాయి. ఎండలు మండిపోతున్న రోజుల్లో, రెండో జత సగం ధరకే ఇస్తున్నారని కొన్నవి. అవి వచ్చిననాడు కొడుకు నవ్విన నవ్వు ఆవిడ మర్చిపోలేదు. 'ఇప్పుడు నవ్వమను' అనుకుంటూ బూట్లు తొడుక్కుని, టపక్ టపక్ అని చప్పుడు చేసుకుంటూ మెట్లు దిగారు.

సెల్లార్ మెట్ల మీద అప్పటికే జనం గుమిగూడారు. మగవాళ్ళు ప్యాంట్లు పైకి మడిచి, ఆడవాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని, నీళ్ళలోకి దిగాలా వద్దా అన్నట్టు నిలబడ్డారు. మోకాలి లోతు నీళ్ళు. సెక్రటరీగారి కొత్త కారు తలుపుల దాకా మునిగి, స్నానానికి దిగిన గేదెలా ప్రశాంతంగా ఉంది. వింతేమిటంటే నీళ్ళు కనపడటం లేదు. వాటి మీద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తెల్లగా, మంచు కురిసినట్టు, సన్నటి పూసలు తేలుతున్నాయి.

"దారివ్వండి, దారివ్వండి, నాకు బూట్లున్నాయి" అంటూ పార్సిలమ్మగారు అందరినీ తోసుకుని ముందుకొచ్చారు.

ఆ మూల నీళ్ళు తోడే మోటారు గుంట దగ్గర వంగి ఉన్న పంపు మెకానిక్ అప్పుడే చెయ్యి లోపలికి పోనిచ్చి దేన్నో బలంగా లాగాడు. మొదట ఒక థర్మోకోల్ పలక వచ్చింది. దాని వెనక ఇంకోటి. ఆ వెనక, పిల్లలు టపటపా పేల్చుకునే బుడగల కవరు బారుగా, పాములా వచ్చింది. ఆఖరున ప్లాస్టిక్ పట్టీలు చుట్టుకుపోయిన ఒక అట్టముక్క పైకి తేలింది. దాని మీద హాయిగా కళ్ళు మూసుకుని మసాజ్ కుర్చీలో పడుకున్న ఒక నవ్వుముఖం ఆడమనిషి బొమ్మ.

"మీ మోటారు దీన్ని మింగి చచ్చిపోయింది సార్" అన్నాడు మెకానిక్.

మెట్ల మీద ఉన్న కళ్ళన్నీ ఒక్కసారి పసుపుపచ్చ బూట్ల మీదికి తిరిగాయి. తిరిగి అక్కణ్ణుంచి నెమ్మదిగా పైకి ఎక్కి పార్సిలమ్మగారి ముఖం మీద ఆగాయి.

లిఫ్టులో పట్టడంలేదని కుర్చీ ప్యాకింగు విప్పింది ఈ సెల్లార్‌లోనే. 'ఇవన్నీ ఇక్కడే ఉండనీండి, రేపు తీయిస్తాను' అన్నదీ ఈవిడే. ఆ రేపు ఇవాళే.

"మీరు... మీరు..." సెక్రటరీగారికి ఇంత గొంతుండీ మాట రాలేదు. వచ్చాక మాత్రం ఆగలేదు. "లిఫ్టు చెడగొట్టారు, ఊరుకున్నాం. మెట్ల కింద చీపుళ్ళ గది మీ పెట్టెలతో నింపేశారు, పోనీలే పెద్దావిడ అనుకున్నాం. ఇప్పుడు నా కారు ముంచారు! అయిపోయిందండీ. ఇవాళ్టినుంచి మీ ఇంటికి పార్సిలు గేటు దాటదు. సాయంత్రం చెత్త లారీ వస్తుంది. ఆ గదిలో ఉన్నదంతా ఊరి బయట చెత్తగుట్టకి పోతుంది. ఒక్క పెట్టె మిగలదు!"

పార్సిలమ్మగారు గబుక్కున ఒక మెట్టు దిగారు. "అవి కొత్తవండీ. సగం పెట్టెలు విప్పనే లేదు" అన్నారు.

"విప్పనివాటికి ఆ గుట్ట మీద వేరే చోటేం ఉండదు లెండి!"

అప్పుడే కొడుకు దిగి వచ్చాడు, సగం ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుని. నీళ్ళు చూశాడు, పూసలు చూశాడు, తల్లిని చూశాడు. 'మా అమ్మ ఏం చేసిందండీ' అని కలబడతాడని ఆవిడ ఆశ. వాడు తల దించుకుని, "లారీని రమ్మనండి సార్. నేనే దగ్గరుండి ఎక్కిస్తాను" అన్నాడు.

"ఒరేయ్!"

"ఇంకేం చెయ్యమంటావమ్మా? ఇంట్లోకి రావాలంటే గోడకి ఆనుకుని పీతలా నడవాలి. ఇప్పుడు బిల్డింగే మునిగింది. అత్తయ్యని చూడు. ఒక్క సంచితో బతుకుతున్నారు. ఆవిడకేం తక్కువయింది చెప్పు?"

ఆ మాటతో అందరూ సంచమ్మగారి వైపు తిరిగారు. ఆవిడ పాలు కొనుక్కుని అప్పుడే గేటులోంచి వచ్చి, పైన వాలు దారి దగ్గర నిలబడి ఉన్నారు. భుజాన పాల సంచి, ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో టార్చి, ఒంటిమీద ఊదారంగు స్వెట్టరు. తడిసిన ఆ వెలుగులో ఆవిడ ఏ కోరికా లేని మనిషిలా, క్యాలెండరు మీద వేసుకోదగ్గట్టు ఉన్నారు. పక్క ఫ్లాటు పళ్ళ డాక్టరమ్మ అయితే "అలా బతకాలండీ మనిషంటే" అని నిట్టూర్చింది కూడా.

పార్సిలమ్మగారికి అరికాలి మంట నెత్తికెక్కింది. లారీ సంగతి ఎలాగైనా ఓర్చుకునేవారేమో. ఈ పొగడ్త మాత్రం గొంతు దిగలేదు.

"వదినగారూ...!" ఆ 'గారూ' మెట్లన్నీ ఎక్కి దిగింది. "తమరి చేతిలో ఆ గొడుగు ఎవరిదండీ?"

సంచమ్మగారు గొడుగు వంక చూసుకున్నారు. ఆవిడ నోరు తెరవకముందే పళ్ళ డాక్టరమ్మ, "అరె, అది నాదే! పోయినవారం నుంచీ వెతుకుతున్నాను" అంది.

"ఆ టార్చి?"

"నేనే ఇచ్చానండీ. బ్యాటరీ తిరిగిస్తానన్నారు" అన్నారు లెక్కల మాస్టారు. తర్వాత ఏదో గుర్తొచ్చి, "టార్చి కూడా ఇస్తానన్నట్టే గుర్తు" అని సవరించారు.

"ఆ కాళ్ళకున్న చెప్పులు?"

సెక్రటరీగారు వంగి చూసి, కారు సంగతి కూడా మర్చిపోయి, "మా ఆవిడవి!" అని అరిచారు.

"అదీ సంగతి! ఇస్త్రీ పెట్టె డాక్టరమ్మగారిది, కత్తెర మాస్టారిది, మొన్న ఎక్కి బల్బు మార్చిన నిచ్చెన సెక్రటరీగారిది. బిల్డింగ్ బిల్డింగంతా ఈవిడ బీరువా! మీరందరూ కొంటే ఈవిడ వాడుకుంటుంది, చివరికి గొప్ప పేరు ఈవిడకీ, చెత్త లారీ నాకూనా? ఇంకా చూడండి, ఆ ఊదారంగు స్వెట్టరు ఎవరిదో! చెప్పండి, ఎవరిది? సిగ్గుపడకుండా చెప్పండి!"

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అది మీదే వదినగారూ" అన్నారు సంచమ్మగారు మెల్లగా. "చలిగా ఉందంటే మీ అబ్బాయి మీ పెట్టెలోంచి తీసిచ్చాడు. మీరు చూస్తుండగానే."

ముందు మాస్టారికి నవ్వొచ్చింది. ఆపుకోబోయి దగ్గారు. తర్వాత డాక్టరమ్మకి వచ్చింది. తర్వాత ఎవరూ ఎవరి కోసమూ ఆగలేదు. నడుముల దాకా వంగి నవ్వుతున్న జనం మధ్య పార్సిలమ్మగారు ఆ స్వెట్టరునే చూస్తూ ఉండిపోయారు. నిజమే. మెడ దగ్గర ఆ పూసల గుండీలు చూసే కదా మనసు పడ్డారు. ఎప్పుడు కొన్నారో మాత్రం ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు.

నవ్వు తగ్గాక సంచమ్మగారు గొడుగు ముడిచి డాక్టరమ్మకి ఇచ్చారు, చెప్పులు విప్పి సెక్రటరీగారి ముందు పెట్టారు. "మా వదినగారన్నది అబద్ధం కాదు. మీ వస్తువులు లేకపోతే నాకు రోజు గడవదు. నేను కొననంత మాత్రాన గొప్పదాన్నేం అయిపోలేదు. ఎవరు పొగిడినా కాదనకుండా ఊరుకున్నాను చూడండి, అదొక్కటీ నా తప్పు" అన్నారు.

పోట్లాటకి సిద్ధమై వచ్చిన మనిషికి ఇంతకంటే అన్యాయం ఇంకోటి ఉండదు.

ఈలోగా మెకానిక్ గోడ మీదున్న కరెంటు మీటర్ల పెట్టె వంక చూసి నాలుక కరుచుకున్నాడు. వీధిలోంచి నీళ్ళు ఇంకా లోపలికి జారుతూనే ఉన్నాయి. అవి ఇంకాస్త ఎక్కితే బిల్డింగంతటికీ కరెంటు కట్టెయ్యాలన్నాడు. లిఫ్టు ఉండదు, కుళాయిల్లో నీళ్ళుండవు. కొత్త మోటారు తెద్దామంటే ఈ వానకి షాపులు తెరిచేది మధ్యాహ్నం తర్వాతే.

"అద్దెకైనా దొరకదా?" అన్నారు సెక్రటరీగారు.

"ఊరంతా మునిగింది సార్. ఎవరిదగ్గరుంటుంది ఖాళీగా?"

పార్సిలమ్మగారి ముఖంలోకి మెల్లగా రక్తం తిరిగొచ్చింది. ఆవిడ గొంతు సవరించుకున్నారు. "తోటలకి నీళ్ళు పెట్టే మోటారైతే పనికొస్తుందా?"

"నీకు తోటెక్కడుందమ్మా?" అన్నాడు కొడుకు.

"తోట లేదురా. మోటారుంది."

సెక్రటరీగారు రెండు మెట్లు దిగి, ఆవిడ పక్కన నిలబడి, పొద్దుటినుంచీ మొదటిసారి మనిషి గొంతుతో, "ఎక్కడుందండీ?" అని అడిగారు.

"ఆ చెత్తలోనే ఉంది. సాయంత్రం లారీ ఎక్కుతుంది" అన్నారు పార్సిలమ్మగారు, గోడ వైపు చూస్తూ.

సెక్రటరీగారు నీళ్ళు నమిలారు. కారు వైపు చూశారు. అది ఒక బుడగ వదిలింది. "లారీ సంగతి తర్వాత మాట్లాడుకుందాం లెండి" అన్నారు.

మెట్ల కింద గది తలుపు తెరవగానే ముందు రెండు పెట్టెలు వాటంతటవే ఆయన పాదాల మీద పడ్డాయి. వరసగా నిలబడి ఒకరి చేతుల్లోంచి ఒకరు అందుకోవడం మొదలుపెట్టారు. ఒకే రంగువి, ఒకే కంపెనీవి రెండు పండ్లరసం మిషన్లు. బట్టలారేసే స్టాండ్లు. గుడ్డు ఆకారం దీపాలు. కాళ్ళతో తొక్కుకునే చక్రమొకటి, దానిమీద ఆరేసిన డోర్‌మ్యాట్లు. అడుగు వరసలోకి నీళ్ళు చేరి, తడిసిన అట్టపెట్టెలు ముట్టుకుంటే చేతికి ఊడి వస్తున్నాయి.

లెక్కల మాస్టారు మెలికలు తిరిగిన ఒక ఇనప వస్తువుని ఎత్తి పట్టుకుని, "ఇదేమిటండీ?" అని అడిగారు.

పార్సిలమ్మగారు దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూశారు. "కొన్నప్పుడు తెలుసండీ" అన్నారు.

ఎవరూ నవ్వలేదు. ఆవిడ గొంతు అలా ఉంది. అన్నేళ్ళుగా ఒక్కొక్కటే ఇంట్లోకి వచ్చినవాటిని ఇలా ఒక్కచోట, పగటి వెలుగులో, పరాయివాళ్ళ చేతుల్లో చూడటం ఆవిడకీ అదే మొదలు.

అన్నిటికంటే వెనక మోటారు దొరికింది. హమ్మయ్య అనుకుని కొడుకు ఉత్సాహంగా పెట్టె చింపాడు. మోటారు చుట్టూ పెట్టిన థర్మోకోల్ పలక టపీమని విరిగి, గుప్పెళ్ళకొద్దీ తెల్లపూసలు మళ్ళీ నీళ్ళలోకి రాలాయి. "పట్టుకో! పట్టుకో!" అని అరుచుకుంటూ బిల్డింగు పెద్దమనుషులంతా నీళ్ళలోకి దూకారు. సెక్రటరీగారు తన టోపీతో పూసల్ని తోడబోయి టోపీనే పోగొట్టుకున్నారు.

గొట్టం వీధిలోకి వేసి మోటారు పెట్టారు. అది రెండుసార్లు దగ్గి, మూడోసారి గురగురమని అందుకుంది. గేటు బయట నీళ్ళు ధారగా పడ్డాయి. అందరూ చప్పట్లు కొట్టారు. పార్సిలమ్మగారు బూట్లు ఒకదానికొకటి తాటించి, కాస్త వంగి ఆ చప్పట్లు అందుకున్నారు.

"ఆపండి!"

సంచమ్మగారు గొట్టం ముందుకి వెళ్ళి నిలబడ్డారు. ధార వచ్చి స్వెట్టరు మీద పడుతున్నా కదల్లేదు. "ఈ పూసలన్నీ వీధి కాలవలోకి పోతున్నాయి. కాలవ నుంచి చెరువుకి. చేపలు గుడ్లనుకుని మింగుతాయి" అన్నారు.

"అమ్మా, మన గేటు దాటాక అది మన బాధ్యత కాదండీ" అన్నారు సెక్రటరీగారు.

"రాత్రి మన సెల్లార్‌లోకి వచ్చిన నీళ్ళు గేటు దాటి బయటికి పోయినవే కదండీ? వీధి కాలవ పూడిపోయి వెనక్కి తన్నింది. ఒకసారి ఇటొచ్చి చూడండి. ఇందులో ఇరుక్కున్న ప్లేట్లు, కప్పులు, కవర్లు, ఆ విరిగిన ప్లాస్టిక్ కుర్చీ కాలు... ఇవన్నీ మా వదినగారివేనా?"

సెక్రటరీగారు వెళ్ళి చూశారు. కాలవ మూత దగ్గర అడ్డంపడి, తన కారు సీట్లకి కప్పి వచ్చిన ప్లాస్టిక్ తొడుగులు ఆయనకేసి చూశాయి. వాటిని ఎవరికీ కనపడకుండా కాలితో తోసి, "సరే, ఏం చెయ్యమంటారు?" అన్నారు.

పార్సిలమ్మగారు మాత్రం ఆ చివరి మాట దగ్గరే ఆగిపోయారు. ఇవన్నీ మా వదినగారివేనా? పొద్దుటినుంచీ తన తరఫున ఒక మాట అన్న మనిషి, కన్నకొడుకు కాదు, ఈవిడ. తను నలుగురిలో నిలబెట్టి చెప్పులు విప్పించిన ఈవిడ.

"నా దగ్గర దోమతెరలున్నాయి. వడకట్టొచ్చు" అన్నారు పార్సిలమ్మగారు.

"ఎన్నున్నాయి?" అంది డాక్టరమ్మ.

"ఎన్ని కావాలి?"

అలా మధ్యాహ్నం దాకా, గొట్టం చివర దోమతెర నాలుగు మడతలు పెట్టి, చెరో పక్కా బకెట్లు బోర్లించుకుని వియ్యపురాళ్ళిద్దరూ కూర్చున్నారు. నీళ్ళు తెరలోంచి జారి పోతున్నాయి. పూసలు మిగులుతున్నాయి. నిండినప్పుడల్లా గోతంలోకి దులుపుతున్నారు. పార్సిలమ్మగారి రెండో జత బూట్లు అప్పటికి సంచమ్మగారి కాళ్ళకి చేరాయి. ఎవరు ఎప్పుడు ఇచ్చారో ఎవరూ చూడలేదు.

మాటలు ముందు పార్సిలమ్మగారే మొదలుపెట్టారు.

"మా ఆయన చెడ్డవాడు కాదు వదినగారూ. తాగడు, తిట్టడు. ఒక్కటే మాట. 'అవసరమా?' మా టైలరింగ్ షాపులో నిలువుటద్దం పెడదామండీ అంటే, అవసరమా? ఫ్యాను? అవసరమా? ఊరందరికీ కొత్తబట్టలు కుట్టాను, నాకొకటి కుట్టుకుందామని గుడ్డ చేతిలోకి తీసుకుంటే చాలు, కళ్ళజోడు మీంచి చూసేవాడు. ఆయన పోయాక మొట్టమొదట అద్దం తెప్పించుకున్నా. ఎవరో బెల్లు కొట్టి, నా పేరు పెట్టి అడిగి, 'ఇది మీకేనమ్మా' అన్నాడు. అప్పటిదాకా నా పేరడుగుతూ మా ఇంటికెవరూ రాలేదు."

సంచమ్మగారు తెర సరిచేసి, ఊఁ అన్నారు.

"పెట్టె విప్పేదాకానే బాగుంటుంది. విప్పగానే ఆయనే వినపడతాడు. అందుకే చాలావరకు విప్పను" అన్నారు పార్సిలమ్మగారు. అనేశాక, ఈ మాట తనకి ఇప్పటిదాకా తెలియదనిపించింది.

"నేను లేడీస్ హాస్టల్లో వార్డెన్‌గా చేశాను కదా" అన్నారు సంచమ్మగారు, గోతం మూతి సర్దుతూ. "చదువులయిపోయి పిల్లలు వెళ్ళిపోయేటప్పుడు గదుల్లో ఎన్ని వదిలేసేవాళ్ళో! బకెట్లు, అద్దాలు, పరుపులు. అన్నీ హాస్టల్ వెనక గుట్ట మీద పోసేవాళ్ళు. నేను చేరినప్పుడు నా కిటికీలోంచి సూర్యుడు దిగడం కనపడేది. పోనుపోను గుట్టే కనపడేది. ఒక ఎండాకాలం అది అంటుకుంది. రోజుల తరబడి పొగ. పిల్లలు దగ్గి దగ్గి అల్లాడిపోయారు. ఆర్పాక వెళ్ళి చూద్దును కదా, పైన ఒక ఎర్ర బకెట్టు. పిడి ఊడిందని నేను పారేసిందే. నాకు జుట్టు నెరిసింది, దాని రంగు మాత్రం అలాగే ఉంది. నేను పోయాక కూడా అది ఉంటుంది కదా అనిపించింది. అప్పట్నుంచి ఏదైనా కొనాలంటే చెయ్యి రాదు."

"భయమా?"

"భయమే. మీకు ఆయన గొంతు, నాకు ఆ బకెట్టు."

పార్సిలమ్మగారికి ఎందుకో నవ్వొచ్చింది. సంచమ్మగారికీ వచ్చింది. ఇద్దరూ తెర వదిలేసి నవ్వుతుంటే పూసలు కాస్త కాలవలోకి పోయాయి. కెవ్వుమని మళ్ళీ పట్టుకున్నారు.

"మీరు ఒక గొడుగు ఉంచుకోండి వదినగారూ. నా దగ్గర బోలెడున్నాయి, ఇస్తాను."

"ఇవ్వకండి. అరువివ్వండి."

ఆ మాట పార్సిలమ్మగారి బుర్రలో ఎక్కడో దిగబడింది. నీళ్ళు తగ్గి, కారు చక్రాలు బయటపడ్డాక, సెక్రటరీగారు మళ్ళీ గొంతు పెంచి లారీ మాట ఎత్తబోతుండగా ఆవిడ పసుపు బూట్లతో ఆయనకి ఎదురెళ్ళి నిలబడ్డారు.

"లారీ వద్దు. ఆ గది అలాగే ఉంటుంది. తడిసి పాడైనవి నేనే తీయిస్తాను. మిగిలినవి ఎవరికేం కావాలన్నా వచ్చి అడిగి పట్టుకెళ్ళండి. నిచ్చెన, మోటారు, జ్యూస్ మిషను, ఏదైనా సరే. ఊరికే ఇవ్వను. అరువు. తిరిగి తేవాలి. నా దగ్గరున్నది మళ్ళీ ఎవరూ కొనకూడదు, నాతో సహా."

"నీతో సహానా?" అన్నాడు కొడుకు.

"చెవులు కూడా పరీక్ష చేయించుకోరా."

డాక్టరమ్మ అక్కడికక్కడే బట్టలారేసే స్టాండు అడిగింది. మాస్టారు, సిగ్గుపడుతూ, ఆదివారాలు ఒక అరగంట మసాజ్ కుర్చీ దొరుకుతుందా అన్నారు. మెట్ల మీద నిలబడి అంతా విన్న కోడలు కిందికి దిగి వచ్చి, అత్తగారి తడి చేతిలోంచి గోతం అందుకుని, "కుర్చీని ఈ మెట్ల కింద గదిలో పెట్టేద్దాం అత్తయ్యా. మన వీధి తలుపు పూర్తిగా తెరుచుకుంటుంది" అంది. నిన్నటినుంచీ ఆ పిల్ల నోటివెంట వచ్చిన మొదటి మాట అది. పార్సిలమ్మగారు గంభీరంగా ఆలోచించినట్టు నటించి, ఒప్పుకున్నారు.

సెక్రటరీగారు అందరినీ చూసి, కారును చూసి, ఆఖరికి "నాకు కారు ఆరబెట్టేది ఏదైనా ఉందా అండీ?" అన్నారు. ఉంది. రెండున్నాయి.

జనం ఒక్కొక్కరే పైకి వెళ్ళిపోయారు. వియ్యపురాళ్ళిద్దరే దోమతెర పిండుతూ గేటు దగ్గర మిగిలారు. అప్పుడొచ్చి ఆగింది మూసిన వ్యాను ఒకటి. పార్సిలతను దిగాడు. పార్సిలమ్మగారు రెండు చేతులూ పైకెత్తేశారు. "నేనేం తెప్పించలేదు బాబూ! ఒట్టు! వెనక్కి పట్టుకెళ్ళు!"

"మీకు కాదమ్మా" అన్నాడతను. నవ్వి, సంచమ్మగారి వైపు తిరిగాడు. "ఆ అమ్మగారికి. మీరే కదండీ హాస్టల్ వార్డెన్‌గా చేసింది? మిమ్మల్ని పట్టుకోడానికి చాలా తిరిగాం. ఈ పెట్టె ముందు దింపమంటారా? మిగిలినవి ఇంకో వ్యానులో వస్తున్నాయి."

సంచమ్మగారి చేతిలోంచి దోమతెర జారి నేలమీద పడింది. పొద్దుట నలుగురిలో చెప్పులు విప్పించినా చెదరని ముఖం ఇప్పుడు తెల్లబోయింది. ఆవిడ మెట్ల వైపు ఒకసారి భయంగా చూసి, కూతురు కనపడటం లేదని నిర్ధారణ చేసుకుని, పార్సిలమ్మగారి చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"వదినగారూ, ఇది మా అమ్మాయికి తెలియకూడదు. మీ మంచం కింద కాస్త చోటుంటుందా?"